ఫిర్యాదుల్లేని మేడ

నేను పుట్టింది అద్దె ఇంట్లో. పెళ్ళి చేసుకుని కాపురం పెట్టింది అద్దె ఇంట్లో. ఇప్పుడు డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నది కూడా అద్దె గదికే. కాబట్టి అద్దెకుండేవాళ్ళ గురించి నాకెవరూ కొత్తగా పాఠాలు చెప్పక్కర్లేదు. వాళ్ళకి లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకరు పైవాటావాళ్ళు, రెండోవాడు ఇంటి ఓనరు. ఈ ఇద్దరినీ తిట్టుకోకపోతే వాళ్ళకి పొద్దుపోదు. ఆ గురువారం నర్సమ్మతో కలిసి ఎనిమిది వాటాల మేడ చూడటానికి వెళ్ళినప్పుడు, గడప దాటిన కాసేపటికే నా వెన్ను జలదరించింది అందుకే. ఆ మేడలో ఎవరూ ఎవర్నీ తిట్టడం లేదు.

నర్సమ్మ పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆ పొద్దున నా గది తలుపు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా ఆయన కనపడ్డం లేదండి. మంగళవారం నుంచి."

"ఎక్కడికెళ్తున్నానని చెప్పి వెళ్ళారు?"

"మేం కొనబోయే మేడ చూడ్డానికి."

మిగతాది మెల్లగా చెప్పింది. ఆవిడ భర్త లెక్కల మాస్టారు. సొంతిల్లు కొనుక్కుని అందులో మనమే కూర్చుంటే అది ఖర్చు, వాటాలున్న మేడ కొంటే వచ్చే అద్దెలే బ్యాంకు అప్పు తీరుస్తాయి అని ఆయన సిద్ధాంతం. ఏడాదిగా ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ పాపని వెంటేసుకుని మేడలు చూడటానికి బయల్దేరేవాళ్ళు. ఒకచోట గోడలు చెమ్మెక్కి ఉండేవి, ఇంకోచోట అన్నదమ్ముల తగాదా, మరోచోట సగం వాటాలు ఖాళీ. చివరికి ఇది దొరికింది. ఎనిమిది వాటాలూ నిండి ఉన్నాయి. అద్దెలు ఠంచనుగా వస్తాయట. మొట్టమొదటిసారి కొనేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలన్నాడట బ్రోకరు.

"మా ఆయనకో అలవాటుందండి. బ్రోకరు చూపించిన ఇంటికి బ్రోకరు లేకుండా ఇంకోసారి వెళ్తాడు. చెప్పాపెట్టకుండా. ప్రతి తలుపూ తట్టి, ఇక్కడ కష్టాలేంటో చెప్పండి బాబూ అని అడుగుతాడు. మంగళవారం అలాగే వెళ్ళాడు. సాయంత్రం ఈ మెసేజ్ వచ్చింది."

ఫోను నా ముందు పెట్టింది. సన్నగా, కళ్ళజోడుతో ఉన్న ఆయన ఫొటో, దాని కింద మెసేజ్. 'అంతా చూశాను. ఇల్లు చాలా బాగుంది. పని మీద ఊరెళ్తున్నా. శుక్రవారం రిజిస్ట్రేషన్ కానిచ్చెయ్. నా కోసం ఆగకు.'

"ఇందులో అనుమానించడానికేముందమ్మా?"

"ఏడాదిలో ఎన్ని మేడలు చూశామో లెక్కలేదు. ఒక్కదాన్ని కూడా మా ఆయన బాగుందనలేదండి. మహా నచ్చితే 'పర్లేదు' అంటాడు, అంతే. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా అదే అన్నాడట." నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపయింది. "అప్పు నా ఉద్యోగం మీద ఇచ్చారు. రేపు పదకొండింటికి నేనొక్కదాన్నే సంతకం పెడితే చాలు. అందుకే నా కోసం ఆగకు అని ఎవరో రాశారు. నాకు భయంగా ఉందండి. ఇల్లు వద్దు, ఏం వద్దు. నాకు నా మనిషి కావాలి."

"పోలీసులకి చెప్పారా?"

"నిన్న సాయంత్రం వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు గారు మెసేజ్ చూసి నవ్వారు. మగాడన్నాక రెండ్రోజులు ఊరెళ్తాడు, వెళ్ళి రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోమ్మా అన్నారు."

ఏ స్టేషనో అడిగాను. చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టరు నాకు బాగా కావలసినవాడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు, అంటే నా తోడల్లుడు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా అందరి ముందూ నా డిటెక్టివ్ పని మీద జోకులెయ్యకపోతే వాడికి భోజనం సయించదు.

"పాప ఎక్కడ?"

"స్కూల్లో దింపే వచ్చానండి. ఆరేళ్ళు. నాన్న ఊరెళ్ళాడని చెప్పాను."

నేను లేచి చొక్కా సర్దుకున్నాను. ఆవిడ చేత అక్కడే బ్రోకరుకి ఫోన్ చేయించాను. మా బాబాయి ఊరి నుంచి వచ్చాడు, సంతకానికి ముందు ఒకసారి ఇల్లు చూస్తానంటున్నాడు అని చెప్పమన్నాను. అవతలి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "అయ్యో, తప్పకుండా చెల్లెమ్మా. మీ ఇల్లు మీరు చూసుకోడానికి నన్నడగాలా? అన్ని తలుపులూ తీసే ఉంటాయి. నేను ఒక గంటలో వచ్చి కలుస్తాను."

ఆ గంట అతనికి ఎందుకు కావాలో అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆవిడని ఆ గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదు.

మేడకి నాలుగు అంతస్తులు. అంతస్తుకి రెండు వాటాలు, మధ్యలో మెట్లు. బయట కొత్తగా రంగు వేశారు, ఆ వాసన ఇంకా పోలేదు. మొదటి వాటా తలుపు తట్టగానే ఒక బట్టతలాయన తీశాడు. తట్టగానే అంటే నిజంగా తట్టగానే, తలుపు వెనకే నిలబడి ఉన్నట్టు.

"నీళ్ళెలా వస్తాయండీ ఇక్కడ?" అన్నాను.

"ఇరవైనాలుగ్గంటలూ."

"పైవాళ్ళ గోల ఏమైనా?"

"అబ్బే. చప్పుడే చెయ్యరు. దేవుళ్ళు."

"ఓనరు?"

"తండ్రిలాంటివాడు."

మా ఓనర్ని నేను నా జీవితంలో చాలా మాటలన్నాను. తండ్రి అని మాత్రం ఎప్పుడూ అనలేదు.

రెండో వాటాలో కొత్తగా పెళ్ళయినట్టున్న జంట. అవే ప్రశ్నలు వేశాను. ఇరవైనాలుగ్గంటలూ, దేవుళ్ళు, తండ్రిలాంటివాడు. వరస కూడా తప్పలేదు. బళ్ళో ఎక్కం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పారు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఈ ఇంట్లో?"

"మూడేళ్ళండి," అంది ఆ అమ్మాయి.

"వంటగది చూడొచ్చా? కాస్త చీకటిగా ఉంది, లైటు వెయ్యి తల్లీ."

ఆ అమ్మాయి స్విచ్‌బోర్డు దగ్గరికెళ్ళి ఆగిపోయింది. మొదటి స్విచ్ నొక్కితే ముందుగదిలో ఫ్యాను తిరిగింది. రెండోది నొక్కితే ఏమీ కాలేదు. మూడోదానికి మొగుడి వైపు చూసింది. మూడేళ్ళు కాపురమున్న ఇంట్లో ఆడపిల్లకి తన వంటగది లైటు ఎక్కడుందో తెలియకపోవడం ఎక్కడైనా ఉంటుందా? నిద్రమత్తులో లేచి మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా మా ఆవిడ చెయ్యి సరాసరి స్విచ్ మీదే పడుతుంది. వంటగదిలో పొయ్యి తళతళలాడుతోంది. గోడ మీద ఒక్క నూనె చుక్క లేదు.

అప్పుడే గోడలోంచి టక్కుమని చప్పుడైంది. ఎండిన కర్ర విరిగినట్టు.

"ఏమిటది?" అన్నాను.

"ఏం లేదండీ, పైవాళ్ళు..." అని మొదలుపెట్టాడు కుర్రాడు. పైవాళ్ళు చప్పుడే చెయ్యరన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. వాడి పెదవుల పైన చెమట పట్టింది.

నేను గది తలుపు దగ్గరికెళ్ళి పైకి చూశాను. తలుపు పై అంచుని ఒక మూల చిత్రిక పట్టారు. కొత్తగా చెక్కిన చోట కర్ర తెల్లగా కనపడుతోంది. తలుపుని బార్లా తెరిచి వదిలేశాను. అది దానంతటదే కదిలి, మెల్లగా వచ్చి మూసుకుంది. గదిలో గాలి లేదు. బట్టతలాయన వాటాలో తలుపుకీ అదే చెక్కుడు చూసిన గుర్తు. ద్వారబంధాలు ఒరిగితే తలుపులు పట్టుకుంటాయి, పట్టుకుంటే చెక్కుతారు. ద్వారబంధాలు ఊరికే ఒరగవు, కింద నేల దిగితేనే ఒరుగుతాయి. ఈ మేడ కుంగుతోంది.

మనిషి మాయమవడం నాకు వృత్తిలో మామూలే. కానీ నా నెత్తి మీద మూడంతస్తుల ఇటుకలూ సిమెంటూ ఒక పక్కకి వాలుతున్నాయని తెలిశాక తలెత్తి కప్పు వైపు చూడకుండా ఉండలేకపోయాను. నర్సమ్మకి చెప్పలేదు. ఆవిడ అప్పటికే మెట్లెక్కుతోంది.

మూడో వాటాలో ఒక బామ్మ ఒంటరిగా ఉంది. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. అడక్కముందే "నీళ్ళు ఇరవైనాలుగ్గంటలూ..." అని అందుకుంది. నర్సమ్మ ఆవిడని పట్టుకుని కూర్చోబెట్టింది. మణికట్టు అందుకుని నాడి చూసింది.

"మీ నాడి పరిగెడుతోంది బామ్మగారూ. బీపీ మాత్ర వేసుకున్నారా?"

"మాత్రలు మా ఇంట్లో ఉండిపోయాయమ్మా."

"ఇది మీ ఇల్లే కదా?"

బామ్మ తలుపు వైపు చూసింది. నేను తలుపు వేసి గడియ పెట్టి, ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను.

"బామ్మగారూ, నేను ఈ అమ్మాయి బాబాయిని కాను. డిటెక్టివ్‌ని. ఈ అమ్మాయి మొగుడు మంగళవారం ఈ ఇంటికొచ్చి తిరిగి రాలేదు. సన్నగా, కళ్ళజోడుతో ఉంటాడు. లెక్కల మాస్టారు. మీ తలుపు కూడా తట్టి ఉంటాడు."

బామ్మ నర్సమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపులో దయ ఉంది. నాకు భయమేసింది ఆ దయని చూసే.

"తట్టాడు నాయనా. కష్టాలేమైనా ఉంటే చెప్పండి బామ్మగారూ అన్నాడు. ఎన్నాళ్ళయిందో నన్ను ఆ మాట ఎవరైనా అడిగి. చెప్పేశాను. అన్నీ చెప్పేశాను. నా వల్లే చిక్కుకుపోయాడు."

"ఏం చెప్పారు?"

"ఇక్కడ అద్దెకున్నవాళ్ళెవరూ లేరని." గొంతు తగ్గించింది. "మేమంతా కొనడానికి వచ్చినవాళ్ళం బాబూ. ఆ కిందాయన, ఆ పిల్లా పిల్లాడు, నేను, అందరం. ఒకరి తర్వాత ఒకరు. ఇల్లు నిండుగా ఉంది కదా అని మురిసిపోయి బయానా ఇచ్చుకున్నాం. ఆ తర్వాత తెలిసింది ఇల్లు కుంగుతోందని, ఉన్నవాళ్ళు ఎప్పుడో పారిపోయారని. వెనక్కిమ్మంటే బ్రోకరేమన్నాడో తెలుసా? ఇల్లు అమ్ముడుపోతేనే మీది మీకు వస్తుంది, అమ్ముడుపోవాలంటే ఇల్లు నిండుగా కనపడాలి, వచ్చి కూర్చోండి అన్నాడు. ఎవరైనా చూడ్డానికొస్తున్నారంటే ఫోన్ చేస్తాడు. వచ్చి కూర్చుంటాం. ఈ వారం మాత్రం శుక్రవారం దాకా రోజూ పగలంతా ఇక్కడే ఉండమన్నాడు. నేను చూడ్డానికొచ్చినప్పుడు అద్దెకున్నట్టు నటించింది ఆ కిందాయనే. నాతో కూడా 'తండ్రిలాంటివాడు' అనే అన్నాడు."

నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను డిటెక్టివ్‌గా చాలా మోసాలు చూశాను. మోసపోయినవాళ్ళనే వరసగా కూర్చోబెట్టి తర్వాతివాళ్ళకి ఎరగా వేసే మోసం మాత్రం అప్పుడే చూడటం. అందులో అసహ్యమైన సంగతేమిటంటే, ఇందులో ఎవరికీ ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. వాళ్ళ ఆశే వాళ్ళకి కాపలా.

"మా ఆయన?" అంది నర్సమ్మ. "మా ఆయన ఎక్కడున్నాడు బామ్మగారూ?"

"నేను చెప్పింది విని, నేరుగా బ్రోకరుకే ఫోన్ చేసి నిలదీశాడు తల్లీ. పోలీసులకి చెప్తానన్నాడు. కాసేపటికి ఇద్దరు మనుషులొచ్చి మాట్లాడదాం రమ్మని పైకి తీసుకెళ్ళారు. మళ్ళీ కిందకి రావడం నేను చూళ్ళేదు."

"బతికే ఉన్నాడా?" ఆ ప్రశ్న నేనే అడిగాను. ఆవిడ అడగలేదు కాబట్టి.

"పొద్దున మెట్లెక్కి వస్తుంటే దగ్గు వినిపించింది. పై చివరి వాటాలోంచి."

నర్సమ్మ లేచి తలుపు వైపు పరిగెత్తింది. నేను గడియకి అడ్డంగా నిలబడాల్సి వచ్చింది. "అమ్మా, పైన ఎంతమంది ఉన్నారో తెలీదు. రెండు నిమిషాలు ఓర్చుకో. నేను సాయం పిలుస్తాను. ఆయన బతికున్నాడు. అది మాత్రం గుర్తుపెట్టుకో."

ఆవిడ తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను ఫోను తీసి, నాకు తెలిసిన పెద్ద అధికారి నంబరు వెతుకుతున్నాను. అప్పుడే బయటినుంచి ఎవరో తలుపు మీద కొట్టారు.

"అన్నయ్యగారూ! తలుపు తియ్యండి. మీరు లోపలున్నారని నాకు తెలుసు."

నా తోడల్లుడు.

తలుపు తీశాను. యూనిఫాంలో లేడు. గళ్ళ చొక్కా వేసుకున్నాడు. మొహాన నవ్వు పులుముకున్నాడు గానీ అది అతకలేదు.

"ఈ వయసులో మేడలు కొనే ఆలోచన వచ్చిందేంటి అన్నయ్యగారూ? అక్కయ్య చెప్పనేలేదు."

"నీ స్టేషన్‌లో దొరకని మనిషిని ఇక్కడ వెతుక్కుంటున్నాను తమ్ముడూ. యూనిఫాం ఏది? జీపు ఏది?"

"సెలవులో ఉన్నా. ఆవిడ మొగుడు ఊరెళ్ళాడని ఆవిడకే రాశాడు. మీరెందుకు లేనిపోని భయాలు పెడుతున్నారు? పదండి కిందకి. లేకపోతే పరాయి ఇంట్లో జొరబడ్డారని నేనే మిమ్మల్ని స్టేషన్‌కి తీసుకెళ్ళాల్సి వస్తుంది."

"తీసుకెళ్ళు. అక్కడ రైటర్ ముందు చెప్తాను, సెలవులో ఉన్న ఇన్‌స్పెక్టరుకి ఈ మేడలో నేనున్నానని ఎవరు చెప్పారో కనుక్కోమని."

నవ్వు ఆరిపోయింది. మెట్ల మీదికి నన్ను పక్కకి లాగాడు. నర్సమ్మ మా వెనకే వచ్చింది. వాడు ఆవిడ వైపు చూడలేకపోయాడు. సరిగ్గా అప్పుడు నాకు మా మరదలి మాట గుర్తొచ్చింది. ఆర్నెల్ల క్రితం మా ఇంటికొచ్చి, మా ఆవిడతో గొప్పగా చెప్పింది. 'ఇంక మీలా అద్దెలు కట్టుకుంటూ కూర్చోం అక్కా, మేమే వసూలు చేసుకుంటాం, ఆయన పెద్ద మేడ చూశారు' అని. ఆ తర్వాత మళ్ళీ ఆ మేడ మాటే ఎత్తలేదు. మా ఆవిడ రెండుసార్లు అడిగితే మాట మార్చేసింది.

"తమ్ముడూ, ఇందులో నీ వాటా ఎన్నోది?" అన్నాను.

వాడు మెట్ల గోడకి ఆనుకున్నాడు. గోడ పొడుగునా వేలు దూరేంత పగులు, రంగు కింద దాచినా దాగడం లేదు.

"ఆరోది," అన్నాడు నెమ్మదిగా. "పోలీసువి, నీ మాట వింటే అందరూ నోరు మూసుకుంటారన్నాడు బ్రోకరు. నాకు వేరే దారి లేదు అన్నయ్యా. మీ మరదలికి ఇంతవరకు తెలీదు. రేపు పదకొండు దాటితే అందరం బయటపడతాం. మాస్టారిని వదిలేస్తారు. నేను మాట తీసుకున్నాను."

"మరి ఈ అమ్మాయి గతి?"

"ఆవిడ కూడా... మనలాగే... ఇంకొకరిని చూసి అమ్ముకోవచ్చు."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు కొట్టబుద్ధయింది. కొట్టేవాణ్ణే. నర్సమ్మ మా మధ్యకి వచ్చింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, నిన్న మీ ముందు కూర్చుని ఏడ్చాను. మా ఆయన ఎక్కడున్నాడో మీకప్పుడే తెలుసు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు నాకు."

వాడు నేల చూపులు చూశాడు. నేను ఫోను పైకెత్తి చూపించాను. "ఇప్పుడే కమిషనర్ ఆఫీసుకి మాట్లాడుతున్నాను. నువ్వు నా పక్కన నిలబడతావా, ఎదురుగా నిలబడతావా, ఇప్పుడే తేల్చుకో."

"చెయ్యొద్దన్నయ్యా!" నా మణికట్టు పట్టుకున్నాడు. బలంగా కాదు, బతిమాలుతున్నట్టు. ఇన్నేళ్ళలో నా తోడల్లుడు భయపడటం నేనెప్పుడూ చూడలేదు. "ఈవిడ వెనక ఓ మనిషిని పెట్టాను. పొద్దున మీ దగ్గరికి వచ్చిందని వాడు చెప్తే, నేనే బ్రోకరుకి ఫోన్ చేశాను. జాగ్రత్తగా ఉండమని చెప్దామనే, అంతే. ఇంత పని చేస్తాడనుకోలేదు. ఒట్టు, అనుకోలేదు."

"ఎంత పని?"

వాడు తలెత్తి పై మెట్ల వైపు చూశాడు.

పైనుంచి తాళాల గుత్తి గలగల వినిపించింది. ఒక లావుపాటి మనిషి, ఉతికిన తెల్లచొక్కా, వేలితో తాళాల గుత్తి తిప్పుకుంటూ తాపీగా దిగి వచ్చాడు. బయటినుంచి రావాల్సిన బ్రోకరు పైనుంచి దిగాడు. అంటే మేం కింద తలుపులు తడుతున్నంతసేపూ అతను మా నెత్తి మీదే ఉన్నాడన్నమాట.

"వచ్చారా చెల్లెమ్మా! బాబాయిగారికి నమస్కారం. ఇల్లు నచ్చిందా? ఏంటి, ఇక్కడే ఆగిపోయారు? పై వాటాలు చూడరా?"

"చూస్తాం," అన్నాను. "ముఖ్యంగా చివరిది."

"అదే అనుకున్నా." నవ్వాడు. "ఎనిమిదో వాటాలో కొత్తగా చేరారు. మంచి కుటుంబం. చూసి తీరాలి మీరు. ఒక్క మాట, ఆ ఫోను జేబులో పెట్టుకోండి బాబాయిగారూ. పైన వాళ్ళు కొంచెం బెదురు మనుషులు."

బెదిరింపు అని చెప్పుకోడానికి అందులో ఒక్క మాట లేదు. ఫోను జేబులో పెట్టుకున్నాను. నా తోడల్లుడు అక్కడే, పగిలిన గోడకి ఆనుకుని ఉండిపోయాడు. మేం ముగ్గురం మెట్లెక్కాం. ప్రతి అంతస్తులోనూ తలుపులు ఓరగా తెరుచుకున్నాయి, మమ్మల్ని చూసి మూసుకున్నాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు బయటికొచ్చి ఆగమ్మా అని ఉంటే బాగుండేది. ఎవరూ రాలేదు.

ఎనిమిదో వాటా తలుపు బ్రోకరు తాళంతో తియ్యలేదు. మర్యాదగా తట్టాడు.

తలుపు తీసింది లెక్కల మాస్టారు.

నేను ఫొటోలో చూసిన మనిషే. కొత్తగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా. ఆ చొక్కా ఆయనది కాదు, భుజాల దగ్గర జారుతోంది. కళ్ళజోడు లేదు. ఎడమ కణత మీద పౌడరు రాశారు, దాని కింద నీలంగా కమిలింది. నర్సమ్మ గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది. ఆయన భార్య మొహంలోకి చూడలేదు. ఆవిడ భుజం మీదుగా ఎక్కడికో చూస్తూ అన్నాడు.

"రండమ్మా. ఇల్లు చూడ్డానికొచ్చారా? రండి, కూర్చోండి."

"ఏమండీ..." అంది నర్సమ్మ.

"ఇల్లు చాలా బాగుంటుందమ్మా." ఆయన గొంతులో జీవం లేదు. "కొనుక్కోండి. దయచేసి కొనుక్కోండి."

ఈ మనిషిని కట్టేయలేదు. ఎవరూ పట్టుకోలేదు. గుమ్మంలో స్వేచ్ఛగా నిలబడి ఉన్నాడు. ఒక్క అడుగు వేస్తే పెళ్ళాం పక్కకి వచ్చేస్తాడు. ఎందుకు రావడం లేదో నాకర్థం కాలేదు. ఆయన్ని కాస్త జరిపి లోపలికి చూశాను. అర్థమైంది.

గది అవతల బాల్కనీ ఉంది. దాని పిట్టగోడ లేదు. కుంగుడికి విరిగి పడిపోయినట్టుంది, రెండు ఇనుపచువ్వలు మాత్రం గాల్లోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంచుకి జానెడు దూరంలో ఒక స్టూలు మీద ఒకావిడ కూర్చుంది. ఒళ్ళో స్కూలు యూనిఫాంలో ఉన్న చిన్నపిల్ల. ఆవిడ ఆ పిల్లకి తీరిగ్గా జడ వేస్తోంది. పిల్ల బూట్లు అంచు దాటి గాల్లో ఊగుతున్నాయి.

"మా చెల్లెలు లెండి," అన్నాడు బ్రోకరు. "పిల్లలంటే ప్రాణం. ఈ పాపని వాళ్ళ నాన్నే ఇందాక స్కూలుకి వెళ్ళి తీసుకొచ్చాడు. తండ్రి వెళ్తే టీచర్లు ఏమంటారు, పంపించేశారు. కిటికీలోంచి కింద మీరు లోపలికి రావడం చూపించి, చెల్లెమ్మ మా ఇంట్లోనే ఉంది మాస్టారూ అని చెప్తే, పాపం మీరు కింద వాటాల్లో మాట్లాడుతుండగానే మా కుర్రాళ్ళ బండెక్కి వెళ్ళొచ్చాడు."

కిటికీలోంచి చూపించింది నేను తీసుకొచ్చిన మనిషినే. మొగుడిని బెదిరించడానికి వాళ్ళకి పెళ్ళాం కావలసి వచ్చింది, ఆవిడని ఆ గుమ్మంలోకి నా చేతులతో నేనే నడిపించాను. గది ఆ చివరికి నాలుగంగల్లో చేరొచ్చు. కానీ జడ వేస్తున్న ఆవిడ ఏమీ చెయ్యక్కర్లేదు. చేతులు వదిలేస్తే చాలు. ఇంత భయం నాకు నా సొంత ప్రాణం మీద కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

పాప తల తిప్పి చూసింది. అమ్మని చూడగానే మొహం వెలిగింది. 'అ' అనబోయి రెండు చేతులతో నోరు మూసుకుంది, నవ్వు ఆపుకుంటూ.

"చూశారా, ఎంత తెలివైందో," అన్నాడు బ్రోకరు. "వచ్చినప్పట్నించీ ఆట ఆడుతున్నాం. ఎవరొచ్చినా ఆంటీ అనే అనాలి. అమ్మా అంటే ఓడిపోయినట్టే. ఏం పాపా, ఇంటికి చుట్టాలొస్తే ఏమనాలి?"

పాప చేతులు తీసింది. ముద్దుగా, బళ్ళో పద్యం చెప్పినట్టు చెప్పింది.

"నమస్తే ఆంటీ."

బాల్కనీ కింద ఎక్కడో టక్కుమంది. స్టూలు ఒక్క వెంట్రుకవాసి కదిలింది.

నర్సమ్మ కేక పెడుతుందనుకున్నాను. పరిగెత్తుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆవిడ కదల్లేదు. మెల్లగా, చాలా మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది, పాప కళ్ళకి తన కళ్ళు సమానంగా వచ్చేలా. సూది వెయ్యబోయే ముందు పిల్లల్ని మాటల్లో పెట్టే గొంతు అది అయ్యుంటుంది. ఎక్కడా వణకలేదు. కన్నీళ్ళు మాత్రం గడ్డం మీదుగా కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"నమస్తే పాపా," అంది. "కదలకుండా బుద్ధిగా కూర్చున్నావే! నీ పేరేంటి?"

పాప నవ్వడం మానేసింది. అమ్మకి తన పేరు తెలియకపోవడమేంటని బెంబేలుగా చూసింది. చెప్పొచ్చో చెప్పకూడదో తెలియక, నాన్న వైపు తిరిగింది.

మాస్టారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.